ముళ్లకంప వేసిన చిరునామా

“సున్నా అంటే ఏంది?” అని అడిగాడు జానయ్య.

యాదలక్ష్మి కంప్యూటర్ తెర మీద వేలు పెట్టింది.

“గీ పేరు పక్కన అంకె ఉన్నది సూడన్నా. గిదివరకు ఎన్నిసార్లు కొన్నడు, అమ్మినోళ్లు ఎందరు మంచోడన్నరు, గదే గీ అంకె. రెండు నూర్లుంటె కండ్లు మూసుకొని అమ్మొచ్చు. పది ఉంటె జర సోంచాయించాలె. సున్నా అంటె…” ఆగింది. “సున్నా అంటె గా మనిషిని ఇంకా ఎవ్వలు చూడలేదన్నట్టు.”

“మహేష్ చూస్తనని పోయిండు.”

“చూస్తననే పోయిండన్నా.”

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు అది. ముందు గది నిండా పాత రేడియోలు, ఇత్తడి సామాను, ముల్లు లేని గడియారాలు. యాదలక్ష్మి భర్త మహేష్ జుమ్మేరాత్ బజార్‌లో పాత వస్తువులు కొంటాడు. బాగుచేసి, బోలీఘర్ అనే ఇంటర్నెట్ వేలంపాటలో అమ్ముతాడు. ఆదివారం పొద్దున ఒక గోడ గడియారాన్ని దుప్పటిలో చుట్టుకొని ఎల్బీ నగర్ పోయాడు. ఇవాళ మంగళవారం. తిరిగి రాలేదు. ఫోన్ మోగడం లేదు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. పోలీస్ స్టేషన్‌లో మిగిలిన ఒక్క కానిస్టేబుల్, “అందరు రాస్తారోకో కాడికి పోయిండ్రమ్మా. మీ ఆయన గూడ ఏ టెంటు కిందనో కూసుండొచ్చు, పో” అన్నాడట. అందుకని ఆమె ప్రైవేట్ డిటెక్టివ్ జానయ్యను వెతికి ఇంటికి పిలుచుకొచ్చింది. ఆయనది మునుగోడు పక్క పల్లె. ఆమెదీ ఆ దిక్కే.

జానయ్య తక్కువ మాట్లాడతాడు. మాట్లాడే మనిషి చేతులను చూస్తాడు.

“సున్నా ఉన్నోనికి అమ్ముతడా మహేష్?”

“అమ్మడు. రెండుసార్లు చెయ్యి కాలింది. ఒకపారి కెమెరా, ఒకపారి గ్రామఫోను. రెండూ సున్నాగాళ్లే పాడిండ్రు. పైసలు కంపెనీల పడ్డయి. సామాను పంపినం. ముట్టిందని సంతకం గూడ ఒచ్చింది. నెలకు, గా కార్డు నాది, నేను కొననే లేదని ఎవరో మొత్తుకుంటె కంపెనీ మా పైసలు గుంజుకున్నది. సామాను పోయె, పైసలు పోయె. ఇగ జన్మల సున్నాకు అమ్మనని ఒట్టేసిండు.”

“మరి మూడోపారి?”

యాదలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “నేను గదే అడిగిన. ఊర్లకెళ్లి ఒచ్చిననాడు మనం గూడ సున్నానే గద యాదీ అన్నడు. కిరాయికి ఇల్లడిగితె మీకు తెలిసినోళ్లెవరు అన్నరు. ఎవడో ఒకడు మొదాలు నమ్మిండు గనకనే ఈడ ఉన్నమన్నడు. గిది గూడ తెలిసినోళ్ల ఇల్లేనని ఆయనకు…”

“అక్కా!” గడప దగ్గర నుంచి పిలుపు వచ్చింది. “పూలు వాడుతున్నయి. తడిగుడ్డ యాడున్నది?”

ఆమె మాట మధ్యలో వదిలి లేచింది.

పిలిచింది అభిలాష్. పాతికేళ్లు దాటిన మనిషి. కొరియర్‌లో పనిచేస్తాడు. మహేష్ అమ్మిన వస్తువులన్నీ ఈ ఇంటి నుంచి అతనే తీసుకుపోతాడు. సమ్మె వల్ల కొరియర్ మూసేశారు. ఆదివారం నుంచి యాదలక్ష్మికి తోడుగా వచ్చిపోతున్నాడు. గడప మీద కూర్చొని, ఒడిలో ఫోన్ పెట్టుకొని, గంపలో పూలు సర్దుతున్నాడు.

“ఇయ్యాల పెత్రమాస గద అన్నా, ఎంగిలిపూలు. బతుకమ్మ పేర్చనంటది యాదక్క. ఇంటాయన మంచిగ తిరిగిరావాలంటె గుమ్మం బోసిగ ఉండొద్దు. నేనే తెచ్చిన.”

జానయ్య గంప ముందు కూర్చున్నాడు. తంగేడు, గునుగు. వాటి నడుమ రెండు సీతజడ పూలు, కోడిజుట్టులా వెడల్పుగా, ముదురెరుపు. ఒక పువ్వును వేలితో తాకాడు.

“ఏడ తెంపినవ్?”

“నాగోలు కాడ, మూసీ ఒడ్డుకు. తెల్లారంగనే పోయిన.”

“అన్నీ ఆడనేనా?”

“అన్నీ ఆడనే.”

“ఏ ఊరు నీది?”

“చండూరు అవుతల అన్నా. బక్కయ్య మనుమణ్ణి. కిరాయి బండి తోలేటోడు మా తాత.”

జానయ్య ముఖం కొంచెం మెత్తబడింది. “ఎడమకన్ను మెల్ల. గా బక్కయ్యేనా?”

“గా బక్కయ్యే!” అభిలాష్ నవ్వాడు. “మా తాత బండి ఎక్కినవా అన్నా?”

“ఎక్కిన.”

పువ్వును గంపలో పెట్టేశాడు జానయ్య. అడగాల్సిన ఇంకో ప్రశ్న ఉందని మనసుకు తోచింది. అడగలేదు. బక్కయ్య మంచి మనిషి.

అప్పుడే వాకిట్లో బూట్ల చప్పుడైంది. ఇస్త్రీ చొక్కా, మెడలో బోలీఘర్ గుర్తింపు కార్డు, చేతిలో ఫోన్. మురళీకృష్ణ. ఆ కంపెనీలో మోసాలను పట్టే ఆఫీసర్. తెనాలి మనిషి. జానయ్యకు పాత ఎరుకే. రెండు కేసుల్లో ఇద్దరూ ఎదురుబడ్డారు. ఒకటి జానయ్య గెలిచాడు, ఒకటి ఓడాడు.

“మీరా జానయ్య గారూ? బావుంది. దొంగకి కూడా డిటెక్టివ్ ఉన్నాడన్నమాట.”

“దొంగెవరు?”

“ఇంకెవరండీ, మహేష్. ఈ ఏడాది దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఐదుగురు అమ్మకందార్లు మునిగారు. కొన్నవాళ్లంతా అప్పుడే పుట్టిన ఖాతాలు. దొంగ కార్డులు. ఈ పాత వస్తువుల విలువ తెలిసినవాడు, ఎవరి దగ్గర ఏముందో ఎరిగినవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే. అనుమానం రాకూడదని తన సామాను కూడా రెండుసార్లు తనే కొట్టేశాడు. ఇప్పుడు మాయమయ్యాడు.”

యాదలక్ష్మి లోపలినుంచి తడిగుడ్డతో వచ్చింది. “సారూ, ఆయన తిండికి లేకున్న ఇంకొకని సొమ్ము ముట్టడు.”

“అందరి భార్యలూ అదే చెబుతారమ్మా.”

“చెల్లెతోని కాదు, నాతోని మాట్లాడు” అన్నాడు జానయ్య. “ఆదివారం గడియారం కొన్న సున్నాగాని చిరునామా నీ కాడ ఉన్నది. చూసినవా ఆ ఇల్లు?”

“ఎల్బీ నగర్ దాకా బస్సు లేదు, ఆటో లేదు. ఇప్పుడు వెళ్తున్నాను.”

“రెండొద్దులాయె మనిషి పోయి.”

“మీకేమండీ, ఫలానా ఊరు, ఫలానావాడి మనవడు అంటే చాలు, నమ్మేస్తారు. నాకు అంకె కావాలి. సున్నా అంటే సున్నాయే.”

“అంకెకు మొఖం ఉండది.”

“ముఖానికి అంకె ఉండదు కదా మరి!”

జానయ్య చెప్పులేసుకున్నాడు.

“నా బండి మీద ఎక్కు. పోదాం.”

మురళీకృష్ణ తెర వైపు చూపించాడు. “వీళ్ల జేబు గడియారం ఒకటి ఇంకా పాటలో ఉంది. మూడున్నరకి ముగుస్తుంది. అది కూడా ఏ సున్నా కొట్టేస్తాడో చూద్దాం. నా ఫోనుకి కబురొస్తుంది.”

“నేను గూడ ఒస్తనన్నా” అని లేచాడు అభిలాష్. “గా గల్లీలన్నీ నాకెరుకే.”

“వద్దు. నువ్వు ఈడనే ఉండు. చెల్లెను ఒంటిగ విడువకు.”

అభిలాష్ తలవంచాడు. “మంచిదన్నా. నేను చూసుకుంట.”

*

ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జానయ్య బండిని సరూర్‌నగర్ లోపలి సందుల గుండా తిప్పాడు. మూడు దాటుతుండగా ఆ కాలనీకి చేరారు. ఎండ కాస్తూనే ఉంది. సందులో మనిషి లేడు. కుక్క కూడా లేదు.

చిరునామా సరిగ్గానే ఉంది. గోడ మీద అదే నంబరు. గేటు దాటితే నాలుగడుగుల వరండా, దాని వెనక తలుపు. తలుపుకు పెద్ద తాళం. గడపకు అడ్డంగా ఎండిన తుమ్మకంప.

మురళీకృష్ణ గేటు దగ్గరే నవ్వాడు. “చెప్పానా? తాళం వేసిన కొంప. దొంగ చిరునామా. మిగతావీ ఇంతే.”

“మిగతావాటికి నువ్వు పోయినవా?”

“రెండింటికి వెళ్లాను. రెండూ తాళాలే.”

“గడపకు కంప ఉన్నదా?”

మురళీకృష్ణ నవ్వు ఆగింది. “ఏదో చెత్త పడుంది అనుకున్నాను. ముళ్లే.”

జానయ్య వరండా ఎక్కి కంపను పట్టుకొని పక్కకు లాగాడు. సిమెంటు మీద అది గోళ్లతో గీరినట్టు చప్పుడు చేసింది. ఆ చప్పుడుకు పక్కింటి కిటికీ రెక్క తెరుచుకొని, వెంటనే మూసుకుంది.

“ఇది చెత్త గాదు. ధనిష్ఠ నక్షత్రంల మనిషి పోతే ఇల్లు విడుస్తరు. మూడు నెలలో, ఆరు నెలలో. ఎవ్వరు లోపలికి పోవద్దని కంప వేస్తరు. పక్కింటోళ్లు గూడ దిక్కు చూడరు.”

“తెలుసండీ. మా మేనత్త పోయినప్పుడు మేమూ ఇల్లు వదిలేశాం. కానీ నగరంలో ఇన్ని ఇళ్లా?”

“ఎన్ని చావులుంటె గన్ని ఇండ్లు. దొంగకు ఇంతకంటె మంచి చిరునామా ఏముంటది? లైటు వెలిగినా ఎవడూ తొంగిచూడడు. చప్పుడైతే తలుపేసుకుంటరు.”

తాళాన్ని చూశాడు. తుప్పు. రంధ్రానికి సాలెగూడు అల్లి ఉంది. ఈ తలుపు తెరిచి చాలా రోజులైంది.

“వెనక నుంచి పోతున్నడు” అన్నాడు.

“ఆగండి. పరాయి ఇల్లు. తాళం ముట్టుకుంటే మీ మీదే కేసవుతుంది. ఓనర్లకి ఫోన్ చేసి, పోలీసుల్ని పిలిచి…”

“ఏ పోలీసులు?”

“అది నా బాధ కాదు. నేనుండగా మీరు లోపలికి అడుగుపెట్టరు. పెడితే మహేష్‌తో మీకూ వాటా ఉందని నా రిపోర్ట్‌లో ఉంటుంది.”

జానయ్య వినడం లేదు. రెండిళ్లకు నడుమ ఉన్న గోడ వైపు చూస్తున్నాడు. గోడ మీద స్టీలు గ్లాసు. నిండా నీళ్లు. నీళ్లలో ఒక తులసాకు. గ్లాసు పక్కన అరటాకు ముక్క, దాని మీద అన్నం ముద్ద, చీమలు.

పక్కింటి తలుపు తట్టాడు.

చాలాసేపటికి ఒక ముసలావిడ తీసింది. హనుమాయమ్మ. కొడుకూ కోడలూ ఊళ్లో లేరు, ఒక్కత్తే ఉంటోంది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

“ఎవరు నాయనా? వాళ్లు లేరు. భానుమూర్తి గారు పోయి రెండు నెలలైంది. నక్షత్రం మంచిది కాదన్నారు. పిల్లలు మియాపూర్ వెళ్లిపోయారు. ఆ ఇంటి జోలికి వెళ్లకండి.”

“గోడ మీద గ్లాసు ఎవరికమ్మా?”

ఆమె గ్లాసు వైపు చూడలేదు. చీర కొంగు మెడ చుట్టూ లాక్కుంది.

“ఎవరికీ చెప్పవు కదా?”

“చెప్ప.”

“ఆదివారం నుంచి నీళ్లు అడుగుతున్నారు.”

“ఎవరు?”

“ఇంకెవరు? ఆయనే. గోడ అవతల్నుంచి. నీళ్లు, నీళ్లు అని. అంతకుముందు ఆ ఇంట్లో గడియారం కొట్టింది. వాళ్లింట్లో అసలు గంటల గడియారమే లేదు. నా గుండె ఆగిపోయిందనుకో. తర్వాత ఆ పిలుపు.” ఆమె మెడ దగ్గరి కొంగు వదిలింది. “పక్షవాతం వచ్చి రెండేళ్లు నోట మాట లేకుండా పడున్నాడు మహానుభావుడు. పోయాకైనా మాట వచ్చింది కదా అని సంతోషం వేసింది. మహాలయ అమావాస్యకి పెద్దలు దాహంతో వస్తారంటారు. అందుకని పెడుతున్నా. ముట్టుకోవడం లేదు. కాకులే తాగుతున్నాయి.”

మురళీకృష్ణ జానయ్య వైపు చూశాడు.

“ఇప్పుడు గూడ అడుగుతున్నడా అమ్మా?” అన్నాడు జానయ్య.

“లేదు నాయనా. ఇవాళ పొద్దున్నుంచి అడగలేదు. దాహం తీరిందనుకున్నాను.”

మురళీకృష్ణ మెడలోని కార్డు తీసి జేబులో కుక్కుకున్నాడు. బూట్లతోనే గోడ ఎక్కాడు.

“కేసు సంగతి తర్వాత. రండి.”

జానయ్య గ్లాసు చేతిలోకి తీసుకొని, నీళ్లు తొణక్కుండా గోడ దాటాడు.

పెరట్లో గడ్డి నడుమెత్తు పెరిగింది. వెనక గేటు నుంచి వంటింటి తలుపు దాకా మాత్రం సన్నగా, మనిషి నడిచిన తోవ. తోవకు ఎడమపక్క ఒకప్పుడు ఎవరో శ్రద్ధగా వేసిన పూలమడి. దానిలో సీతజడ మొక్కలు. ముదురెరుపు పూలు.

రెండు మొక్కలకు తలలు లేవు. కాడలు ఏటవాలుగా తెగి ఉన్నాయి. తెగినచోట ఇంకా పచ్చి ఆరలేదు.

జానయ్య ఆగిపోయాడు.

“ఏమైందండీ?”

“మూసీ ఒడ్డుకు గునుగు మొలుస్తది, తంగేడు మొలుస్తది. సీతజడ మొలవది. ఎవరో నాటాలె.”

“నాకర్థం కాలేదు.”

“నాకు అర్థమైంది. ఆడ గంప ముంగట కూసున్నప్పుడే కావాల్సింది.”

వంటింటి తలుపుకు పైగడియ ఒక్కటే. తీశాడు. లోపల మూసిన ఇంటి వాసన, దాని కింద ఇంకో వాసన, మనిషిది. చీకటి. ఆ చీకట్లో టక్, టక్ మని గడియారం. హాల్లో గోడకు వేలాడుతోంది, లోలకం ఊగుతోంది. కింద దుప్పటి పడి ఉంది. దుప్పటి అంచున నల్లగా ఎండిన మరక. మూలన కొరియర్ అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి. పైదాని నోరు తెరిచి ఉంది. గ్రామఫోన్ బాకా కనబడుతోంది.

“మీ ఐదుగురి సామాను” అన్నాడు జానయ్య మెల్లగా. “రెండు పెట్టెల మీద మహేష్ ఇంటి కాగితం గూడ తియ్యలె.”

మురళీకృష్ణ ఫోన్ వెలుగులో ఆ కాగితం చదివాడు.

పక్కగది తలుపు తోశారు. మహేష్ నేల మీద ఉన్నాడు. చేతులూ కాళ్లూ ఖాకీరంగు టేపుతో చుట్టి ఉన్నాయి, పెట్టెలకు అంటించే టేపు. నోటి మీది టేపు ఒకవైపు ఊడి వేలాడుతోంది. తల వెనక జుట్టు అట్టకట్టింది. కళ్లు మూసే ఉన్నాయి.

జానయ్య అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. చాలాసేపు పెట్టాడు.

“ఉన్నడు.”

మురళీకృష్ణ గోడకు ఆనుకొని ఊపిరి వదిలాడు. వెంటనే 108కి ఫోన్ కలిపి చిరునామా చెప్పడం మొదలుపెట్టాడు. జానయ్య రుమాలు తడిపి, చచ్చినవాడి కోసం పెట్టిన ఆ నీళ్లను చుక్కచుక్కగా మహేష్ పెదవుల మధ్య పిండాడు. మూడో చుక్కకు గొంతు కదిలింది.

“మహేష్. నేను యాదలక్ష్మి పంపితే ఒచ్చిన.”

కళ్లు సగం తెరుచుకున్నాయి.

“గడియారం… మేకుకు తగిలియ్యుమన్నడు. ఇంటాయనకు నడుస్తదో లేదో చూపియ్యాలన్నడు. తగిలిస్తున్న… ఎనకకెళ్లి…”

“ఎవరు?”

“గీ ఇల్లు నాకెరుకే, మంచోళ్లు అన్నడు. కొరియర్ల రోజు తిరిగేటోడు. ఎవల ఇల్లేందో వానికి తెల్వదా అనుకున్న. నేనే ఇచ్చొస్తనంటె… వద్దన్నా నేనిస్తగద అన్నడు. మొఖం చూడాలె, నేనే పోత అన్న. ఎనకగల్లి నుంచి రమ్మన్నడు.” పెదవులు మళ్లీ తడుముకున్నాయి. “మనోడే గదా…”

“మాట్లాడకు. పండుకో.”

జానయ్య లేచి నిలబడ్డాడు. ఆ చిరునామాలో ఎవరున్నారో మహేష్ అడగలేదు. ఎవరు హామీ ఇస్తున్నారని మాత్రం చూశాడు. బక్కయ్య మనుమడు. ఇందాక గడపలో కూర్చొని తాను చేసిందీ అదే.

తెలిసినోళ్ల ఇల్లేనని మహేష్‌కు చెప్పింది ఎవరో యాదలక్ష్మికి తెలుసు. ఆమె చెప్పబోతుంటే మధ్యలో అభిలాష్ తడిగుడ్డ అడిగాడు.

మురళీకృష్ణ జేబులో ఫోన్ కీచుమంది. తీసి చూశాడు. కళ్లజోడు సవరించుకొని మళ్లీ చూశాడు.

“జేబు గడియారం పాట ముగిసింది.”

“ఎవరు?”

“కొత్త ఖాతా. అరగంట క్రితం పుట్టింది. సున్నా.” తెరను పైకి జరిపాడు. “వస్తువు చేర్చాల్సిన చిరునామా… జానయ్య గారూ, ఇది మహేష్ ఇల్లే. దిల్‌సుఖ్‌నగర్. అదే నంబరు. కొన్నవాడి పేరు కూడా మహేషే.”

ఇద్దరూ కిందపడి ఉన్న మనిషిని చూశారు.

“ఇది ఉదయం వచ్చుంటే మహేషే దొంగ అని రాసి సంతకం పెట్టేసేవాణ్ణి” అన్నాడు మురళీకృష్ణ. “నాలాంటివాడు అలా రాస్తాడని తెలిసే చేశాడు.”

“మహేష్ పారిపోయిండని నువ్వు రాస్తవు. మహేష్ ఈడ ఎండిపోతడు. కాదని చెప్పగలిగే మనిషి ఒక్కతే ఉన్నది.”

“ఆమె దగ్గర ఎవరున్నారు?”

అభిలాష్‌ను ఆమె దగ్గర ఉండమన్నది జానయ్యే.

సున్నా పేర్లు ఇప్పటిదాకా ఇచ్చిన చిరునామాలన్నీ చావు జరిగిన ఇళ్లవి. ఈ కొత్త చిరునామాలో ఇంకా ఎవరూ పోలేదు.

యాదలక్ష్మి నంబరు కలిపాడు. మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోతుందనుకున్నప్పుడు ఎవరో ఎత్తారు.

“అన్నా.” అభిలాష్ గొంతు. ఎప్పటిలా మర్యాదగా ఉంది.

“చెల్లెకియ్యి.”

“అక్క పండుకున్నదన్నా. నెత్తి నొస్తున్నదంటె గోలి ఇచ్చిన. పానం అలసిపోయింది. నేను చూసుకుంటున్న. మీరు యాడిదాక పోయిండ్రు?”

జానయ్య గొంతును మామూలుగా ఉంచాడు. మురళీకృష్ణకు తన బండి తాళం అందించి, కళ్లతో వంటింటి తలుపు చూపించాడు, పరుగెత్తమని.

“యాడికి పోతం? చౌరస్తాల రోడ్డు మీద వంటలు పెట్టిండ్రు. కదలనిస్తలేరు. ఇంకా ఎల్బీ నగర్ల జొరబడనే లేదు. తిరిగి ఒస్తున్నం.”

“అట్లనా.”

“ఆఁ. చెల్లెను లేపి ఒక్క మాట…”

పక్కన హాల్లో, గోడకు, గరగరమని ఏదో కదిలింది. మహేష్ ఆదివారం పొద్దున ఇంట్లో చావి ఇచ్చి, కొనేవాడికి నడుస్తూ కనబడాలని తెచ్చిన గడియారం. అరగంట అయిందని ఒకే ఒక్క గంట కొట్టింది. మూసిన ఇంట్లో ఆ గంట చాలాసేపు మోగింది.

ఫోన్ అవతల ఏ చప్పుడూ లేదు.

సందులో మురళీకృష్ణ జానయ్య బండిని స్టార్ట్ చేసిన చప్పుడైంది.

“గడియారం మంచిగనే కొడుతున్నదన్నా” అన్నాడు అభిలాష్.

ఆ తర్వాత అతను ఫోన్‌ను ఎక్కడో కింద పెట్టినట్టు చిన్న చప్పుడైంది. కట్ చేయలేదు. జానయ్య చెవిని గట్టిగా అదుముకొని విన్నాడు. యాదలక్ష్మి ఊపిరి వినబడలేదు. గొంతు వినబడలేదు. ముందు తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినబడింది.

అప్పుడు, ఆ తలుపు అవతల, గడప వైపు నుంచి, సిమెంటు మీద గోళ్లతో గీరినట్టు, ఎండిన తుమ్మకంపను మెల్లగా లాగుతున్న చప్పుడు.